బంద్‌కు ఇంగ్లీషు మాట

మా ఇంట్లో ఆగిపోయిన ప్రతిదానికీ ఒకటే మాట ఉండేది. వాన వెలిస్తే బందయింది. నల్లా నీళ్లు రాకపోతే బందయింది. పిల్లలు మారాం చేస్తే ఏడ్సుడు బందు వెట్టుమనేవారు. ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే మాటలు బందయినయి అనేవారు. మనిషి పని మానేసినా బందే, పనిలోంచి తీసేసినా బందే, పనిచేసే చోటు మూతపడినా బందే. ఈ మూడింటికీ ఇంగ్లీషులో మూడు వేరు వేరు మాటలున్నాయనీ, వాటిలో ఏది వాడామన్నదాని మీద ఇంటిల్లిపాది తిండి ఆధారపడుతుందనీ మాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక ఆఫీసులో, మనుషుల్ని పనిలోకి తీసుకునే విభాగంలో ఉన్నాను. తీసుకోవడం తక్కువ, పంపించడం ఎక్కువ. పంపించడానికి మా దగ్గర బోలెడు మాటలున్నాయి. రిలీవ్ చేశామంటాం. పొజిషన్ క్లోజ్ అయిందంటాం. టీమ్‌ని చిన్నది చేస్తున్నామంటాం. ఒక్క మాటలో కూడా తీసేశాం అని ఉండదు, తీసేసినవాడు ఎవడో ఉండడు. కొత్తగా వచ్చేవాళ్లను అడగాల్సిన ప్రశ్నల్లో ఒకటుంది: పాత ఉద్యోగం ఎందుకు వదిలేశారు? ఆ ప్రశ్న నేను అడగను. పక్కన కూర్చున్నవాళ్లకు వదిలేసి నీళ్ల సీసా అందుకుంటాను. నాకు సిగ్గు అనుకుంటారు కాబోలు. సిగ్గు కాదు, కోపం. దాని వెనక మా బాపు ఉన్నాడు.

మా బాపు, అంటే నాన్న, సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. సాంచా అంటే మరమగ్గం. సొంతవి కాదు. సాంచాలున్న మనిషిని ఆసామి అంటారు. ఆ ఆసామి కూడా పైనున్న సేటు పంపిన నూలుతో గుడ్డ నేయించి మళ్లీ సేటుకే అప్పగించేవాడు. సేటు ఆసామిని అనేవాడు, ఆసామి బాపును అనేవాడు, బాపు ఎవరినీ అనేవాడు కాదు. తెల్లారి పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. కనుబొమల మీద నూలు దుమ్ము తెల్లగా పేరుకుని ఉండేది. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో ఉండి సగం చెవుడు వచ్చింది. ఇంట్లో చారు పొయ్యమని కూడా కేకేసినట్టే అడిగేవాడు. కొత్తవాళ్లు కోపిష్టి అనుకునేవారు గానీ, బాపుకు కోపం రావడం నేను ఎరగను. సాంచాల మీద పనిచేసేవాళ్లు కూలి పెంచమని సమ్మె కట్టినప్పుడు కూడా గుంపు చివర నిలబడేవాడు. రెండో రోజుకే పనికి వస్తానని ఆసామి ఇంటి ముందు కనిపించేవాడు.

“కొట్లాట మనకెందుకు బిడ్డా, మన పని మనం చేసుకోవాలె,” అనేవాడు.

నేనేమో కొట్లాటలోనే ఉండేదాన్ని. కోరుట్లలో మా మేనత్త ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మామ దుబాయిలో ఉండేవాడు, అత్తకు తోడు కావాలి, నాకు తిండీ నీడా కావాలి. చదువుతున్నాను అనడం పెద్ద మాటే. తెలంగాణ ఇస్తున్నామని ప్రకటన వచ్చి, మళ్లీ వెనక్కి పోయిన రోజులవి. కాలేజీలో పాఠాలకంటే రోడ్డు మీద బైఠాయింపులే ఎక్కువ. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతు చించుకునేదాన్ని. ఒకసారి సెలవుకు ఇంటికి పోయినప్పుడు అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుడుతూ అడిగింది.

“నియామకాలంటె ఏంది బిడ్డా?”

“నౌకర్లే అవ్వా, కొలువులు.”

“మరి నౌకర్లు అనొచ్చు గద. గంత పెద్దగ అంటె గది ఎవలకో అనుకున్న.”

నేను నవ్వాను. అవ్వ నవ్వలేదు.

ఆ పోరాటం తప్పని నేను ఎన్నడూ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ ఒక బంద్ రోజు గురించి చెప్పాలి. ఆ రోజు నేను సిరిసిల్లలోనే ఉన్నాను. ఊరేగింపుతో పాటు మా వాడకట్టు మీదుగా పోతున్నాం. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఒక కార్ఖానా ముందుకు వచ్చేసరికి ముందున్న పిల్లలు ఆగిపోయారు. షట్టరు దించి ఉంది, లోపల సాంచాలు టకటకలాడుతున్నాయి. ఆ చప్పుడు దాచితే దాగేది కాదు. ఎవరో షట్టరు మీద కర్రతో బాదారు. లోపలివాళ్లకు అది వినపడే అవకాశమే లేదు.

“ఆగుండ్రి, లోపట మా బాపు ఉన్నడు. నేను చెప్త,” అని ముందుకు పోయాను.

షట్టరు సగం ఎత్తి వంగి లోపలికి పోయాను. ముందు రోజు సాయంత్రమే ఆసామి చెప్పి పోయాడట, మూసుకుని నడిపించుకొమ్మని. బాపు నన్ను చూసి ఇంట్లో ఏమైందోనని గాబరా పడ్డాడు. నేను రెండు చేతులూ అడ్డంగా ఊపి, “బందు వెట్టు బాపు,” అని అరిచాను.

“గీ చీర ఒడువనీ బిడ్డా. నడుమల బందు వెడితె గీత వడ్తది.”

నిజమే. చీర పూర్తికాక ముందే నేత ఆపితే దాని మీద అడ్డంగా సన్నని గీత పడుతుంది. నా వెనక వచ్చిన పిల్లాడు ఒకడు, “తెలంగాణ అచ్చినంక గీతలు గూడ ఉండయి కాకా,” అన్నాడు. బాపు వాడి ముఖం చూసి నవ్వి, స్విచ్చి కొట్టాడు. బయటికి వచ్చి మాతో పాటు జై తెలంగాణ అన్నాడు. అలవాటైన గొంతు కదా, అందరికంటే గట్టిగా వినిపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగా అనిపించింది. మరునాడు ఆసామి ఆ గీత మీద వేలు పెట్టి చూపించి బాపును నానా మాటలూ అన్నాడని, నేను కోరుట్లకు తిరిగిపోయాక అవ్వ ఫోన్‌లో చెప్పింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఆ సాంచాలు నిజంగానే ఆగిపోయాయి. బంద్ వల్ల కాదు. గుడ్డ కొనేవాడు లేడని సేటు నూలు పంపడం మానేశాడు, కరెంటు బిల్లు కట్టలేనని ఆసామి చేతులెత్తేశాడు. సాంచాలను విప్పి తుక్కు కింద అమ్మేశాడు. వాటిని లారీకి ఎత్తడానికి మనుషులు కావాలంటే బాపే పోయి ఎత్తాడు. అది కూడా ఒక రోజు కూలే కదా మరి.

బాపు ఇంట్లో కూర్చున్నాడు. సిరిసిల్లలో మగవాడు ఖాళీగా కూర్చుంటే ఆడవాళ్లకు ఎందుకు నిద్ర పట్టదో ఆ ఊరివాళ్లకు వివరించక్కర్లేదు. మా వాడకట్టులోనే అలా కూర్చున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఎట్లా ప్రాణాలు తీసుకున్నారో పేపర్లలో వచ్చింది. ఇళ్లలో ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. బీడీల ఆకు తేవడానికి పోవాలన్నా అవ్వ బాపును వెంట తీసుకునే పోయేది, ఒంటరిగా వదిలేది కాదు. బాపు ఏమీ తెలియనట్టు సంచి పట్టుకుని వెనకే నడిచేవాడు.

“ఇగో, నువ్వు దుబాయి పో,” అంది ఒక రోజు అవ్వ. “ఈడ నిన్ను గిట్ల చూసుకుంట నేను ఉండలేను.”

జగిత్యాలలో ఒక ఏజెంటు ఉన్నాడు. హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికే చోట హెల్పరు పని ఉందన్నాడు. మంచి కంపెనీ, వయసు కొంచెం ఎక్కువైనా తీసుకుంటారు, కానీ ఇంటర్వ్యూ ఇంగ్లీషులో ఉంటుంది అన్నాడు. దుప్పట్లు ఉతకడానికి ఇంగ్లీషు ఎందుకని నేను అడిగాను. హోటల్ గదా చెల్లె, అన్నాడు. అలా బాపు కోరుట్లకు వచ్చి మా అత్త ఇంట్లో దిగాడు.

కోరుట్లలో ఒక మొబైల్ షాపు పైన సాబ్ చెప్పే ఇంగ్లీషు క్లాసు ఉండేది. సాబ్ అంటే ఒక ముస్లిం పెద్దమనిషి. దుబాయిలో లేబర్ క్యాంపులో ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాసుకునే ఉద్యోగం చాలా ఏళ్లు చేసి తిరిగి వచ్చాడు. గ్రామరు జోలికి పోయేవాడు కాదు. పనికి అవసరమైన మాటలు మాత్రమే చెప్పేవాడు. డ్యూటీ, షిఫ్టు, ఓవర్‌టైమ్, ఫోర్‌మన్, లీవ్. లీవ్ అంటే ఛుట్టీ, సెలవు, అడగకుండా తీసుకుంటే అబ్స్కాండింగ్, అంటే పారిపోయిండని లెక్క, పోలీసుకు చెప్తరు, అని నెమ్మదిగా చెప్పేవాడు. మేడిపల్లి, కథలాపూర్ల నుంచి వచ్చిన కుర్రాళ్ల మధ్య మా బాపు ఒక్కడే నెరిసిన తల. నేను సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా అక్కడికి పోయి వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని, ఇంటికి పోయాక బాపుతో వల్లె వేయించడానికి.

ఒకసారి సాబ్ అడిగాడు, మీ భార్య ఏం చేస్తుందని. బీడీలు చేస్తది అన్నాడు బాపు. అది ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలి అంటే, అదంతా చెప్పొద్దు భాయ్, నథింగ్ సర్, హౌస్‌వైఫ్ అనండ్రి చాలు, అన్నాడు సాబ్. ఆ ఆదివారం అవ్వకు ఫోన్ చేసి బాపు గొప్పగా ఆ ముక్క వినిపించాడు. నథింగ్ అంటే ఏందని అవ్వ నన్ను అడిగింది. చెప్పాను.

“ఏం చెయ్యదన్నట్టా? మరి గీ బీడీలన్ని ఎవలు చుడుతుండ్రు?”

బాపు ఇంగ్లీషు నేర్చుకునే పద్ధతి ఒకటుంది. రాయడం రాదు కాబట్టి మాటకు మాట పెట్టుకునేవాడు. సాంచా మీద తెగిన పోగును దాని ఎదుటి పోగుకే ముడివేసినట్టు, ఒక తెలుగు మాటకు ఒక ఇంగ్లీషు మాట. రెండో మాట ఒప్పుకునేవాడు కాదు. జీతం, శాలరీ. కూలి, వేజెస్. ఛుట్టీ, లీవ్. అత్త ఇంటి ముందు అటూ ఇటూ తిరుగుతూ గట్టిగా వల్లించేవాడు. వాడకట్టు పిల్లలకు కూడా ఆ మాటలన్నీ వచ్చేశాయి.

ఆ నెలలో క్లాసు చాలాసార్లు ఆగిపోయింది, బంద్‌ల వల్లే. అలా ఒక బంద్ తర్వాతి రోజు ముందు వరసలో ఉన్న కుర్రాడు అడిగాడు.

“సాబ్, బంద్‌ను ఇంగ్లీషుల ఏమంటరు?”

“స్ట్రైక్,” అన్నాడు సాబ్.

బాపు తలూపాడు. బంద్, స్ట్రైక్. ముడి పడిపోయింది. నేను వెనక బెంచీ మీదే ఉన్నాను. అందులో తప్పేమీ కనిపించలేదు, ఎందుకంటే తప్పేమీ లేదు. ఆ రోజుల్లో మాకు కళ్ల ముందున్న బంద్ అదొక్కటే.

ఇంటర్వ్యూ జగిత్యాలలో బస్టాండుకు దగ్గరి ఒక లాడ్జిలో జరిగింది. మెట్ల మీద, వరండాలో అంతా మగవాళ్లే, ఇస్త్రీ మడత నలగకుండా నిలబడి పెదాలు కదిలిస్తున్నారు. బాపుకు సరిగ్గా వినపడదని ఏజెంటు మనిషికి చెప్పి బతిమాలితే, నన్ను గది గుమ్మం దాకా రానిచ్చాడు, లోపలికి రావొద్దని. లోపల కుర్చీలో ఒక బొంబాయి మనిషి, తెల్ల చొక్కా, మర్యాదగా ఉన్నాడు. బాపును కూర్చోమన్నాడు. బాపు కూర్చోలేదు.

పేరు, వయసు, ఊరు బాగానే చెప్పాడు. భార్య గురించి అడిగితే, “నథింగ్ సర్, హౌస్‌వైఫ్,” అన్నాడు. ఆ మనిషి చిరునవ్వు నవ్వాడు. నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు అడిగాడు.

“వై డిడ్ యూ లీవ్ యువర్ లాస్ట్ జాబ్?”

బాపు వినిపించనట్టు చెవి ముందుకు పెట్టాడు. ఆయన మళ్లీ అడిగాడు. బాపుకు లీవ్ దొరికింది, జాబ్ దొరికింది. పని లేకుండా సెలవులో ఎందుకున్నావని అడుగుతున్నాడు అనుకున్నాడు. పని బందయింది కాబట్టి. ఆ సంగతి చెప్పడానికి మాట సిద్ధంగా ఉంది.

“స్ట్రైక్ సర్,” అన్నాడు, సాంచాల మధ్య మాట్లాడే గొంతుతో. “మై వర్క్ స్ట్రైక్.”

ఆయన చేతిలోని పెన్ను కింద పెట్టాడు. “యూ వర్ ఆన్ స్ట్రైక్?”

“ఎస్ సర్. ఐ స్ట్రైక్. మై ఓనర్ ఆల్సో స్ట్రైక్.”

“ఓనర్ ఆల్సో?” అని ఆయన నవ్వాడు. ఆయన నవ్వాడని బాపు కూడా నవ్వాడు. నేను గుమ్మం దాటబోయాను. ఏజెంటు మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇన్ యువర్ ప్లేస్, మెనీ స్ట్రైక్స్?”

“మెనీ సర్. ఆల్ స్ట్రైక్.” బాపు కొంచెం ఆలోచించి, గౌరవంగా ఉంటుందని కాబోలు, ఇంకొక మాట కలిపాడు. “తెలంగాణ సర్.”

“ఓకే. థాంక్యూ. వి విల్ కాల్ యూ.”

బాపు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి బయటికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“నవ్విండు బిడ్డా. మంచోడు. కాల్ చేస్తమన్నడు.”

మా వైపు కాల్ అంటే కాల్ లెటరుతో సమానం. కాల్ వచ్చిందంటే నౌకరీ వచ్చినట్టే. బాపును మెట్ల మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నం ఆ మనిషి చాయ్ తాగడానికి లేచేదాకా ఆగి, లోపలికి పోయాను. నా డిగ్రీ ఇంగ్లీషు అక్కరకు రాలేదు. హిందీలో చెప్పాను. మా నాయన సమ్మె చేయలేదు సార్, బంద్ అంటే పని ఆగిపోవడం, కార్ఖానా మూతపడింది, ఆయన జీవితంలో ఎవరి మీదా గొంతెత్తలేదు, మాట ఒకటే తప్పుపోయింది అన్నాను.

ఆయన చివరిదాకా విన్నాడు. విసుక్కుంటే బాగుండేది. తనకు అర్థమైందన్నాడు, బంద్ అంటే ఏమిటో తనకు తెలియదా అన్నాడు. కానీ మేడమ్, అక్కడ స్ట్రైక్ అన్న మాట వింటేనే కంపెనీకి భయం, బయట ఇంతమంది నిలబడి ఉన్నారు, వాళ్లెవరూ ఆ మాట అనలేదు, అన్నాడు. మీ ప్రాంతం పరిస్థితి కూడా ఉంది కదా అన్నాడు. తర్వాత నా ఇంగ్లీషు ఎట్లా ఉంటుందో చూడడానికేమో, మీరేం చదువుతున్నారని ఇంగ్లీషులో అడిగాడు. నేను బయటికి వచ్చేశాను.

అంటే ఆయనకు పొరపాటు పొరపాటని తెలుసు. తెలిసీ దాన్ని వాడుకున్నాడు, ఒక పేరు తగ్గుతుంది కదా అని. నా కోపం ఆ మనిషి మీద కూడా కాదేమో. ఆయన కుర్చీలో ఇప్పుడు నేను కూర్చున్నాను, అక్కడి నుంచి చూస్తే బయట నిలబడ్డవాళ్లు ఎట్లా కనిపిస్తారో నాకు తెలుసు. ఎవరిని ఎందుకు వద్దనాలో చిన్న కారణం దొరికితే ప్రాణం లేచి వస్తుంది.

బస్సులో బాపుకు జరిగింది చెప్పాను. దాచలేదు. చెవి దగ్గర చెప్పాల్సి వచ్చింది కాబట్టి ముఖం చూడలేదు.  మేడిపల్లి వైపు పోయే జనం ఎక్కి, నిలబడ్డవాళ్ల సంచులు మా ఒళ్లోకి వచ్చాక బాపు అడిగాడు.

“నేను ఎన్నడన్న స్ట్రైక్ చేసిన్నా బిడ్డా?”

“చెయ్యలే బాపు.”

“మరి గట్లెట్ల అనుకుంటడు. నా ముఖం చూస్తె సమజైతలేదా.” మళ్లీ కాసేపటికి, “కాల్ చేస్తమన్నడు గద. నవ్వుకుంట అన్నడు. ఒట్టిగనే అంటడా?”

ఆ సాయంత్రం సాబ్ దగ్గరికి పోయాం. సాబ్ తల పట్టుకున్నాడు. “యా అల్లా. ఆ పోరడు రోడ్డు మీది బంద్ అడిగిండని చెప్పిన భాయ్, నువ్వు దాన్ని నీ సాంచా బంద్‌కు వెట్టుకుంటవనుకోలే. ఆడ స్ట్రైక్ అంటె జైలు, తెల్లారి ఫ్లైట్ ఎక్కిస్తరు. ఆ మాట నోట్లకెళ్లి రావద్దు.” కార్ఖానా మూతపడితే క్లోజ్డ్ అనాలి, నువ్వు మానేస్తే రిజైన్, వాళ్లు తీసేస్తే టెర్మినేట్ అని విడివిడిగా చెప్పాడు. బాపు మర్యాదకు అన్నీ విన్నాడు. కానీ వల్లించలేదు.

ఫోన్ మాత్రం జేబులోనే ఉండేది. మోగితే పొడవాటి దుబాయి నంబరా, ఇక్కడి పొట్టి నంబరా అని నాకు చూపించేవాడు. సిరిసిల్లకు తిరిగిపోయాక స్నానానికి పోయేటప్పుడు కూడా ఫోన్ అవ్వ చేతికి ఇచ్చి పోయేవాడట. అవ్వకు ఆ ఎదురుచూపు ఒక రకంగా మేలే చేసింది. ఎదురు చూస్తున్న మనిషి ఇంకేమీ చేసుకోడు కదా అని నాతో అంది. ఆ మాట విన్న రోజు నేను అత్త ఇంట్లో తలుపు వేసుకుని ఏడ్చాను.

కాల్ రాలేదు. వేములవాడలో గుడికి వచ్చేవాళ్లు దిగే ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికే మనిషి కావాలంటే బాపు పోయాడు. అవును, అదే పని. దుబాయిలో అయితే లాండ్రీ హెల్పరు, వేములవాడలో అయితే దుప్పట్లు ఉతికెటోడు. ఇక్కడ ఇంటర్వ్యూలో ఒకటే ప్రశ్న.

“రేపటికెళ్లి అస్తవా?”

“అస్త,” అన్నాడు బాపు. పనిలో చేరిపోయాడు. సోమవారాలు జనం ఎక్కువ, ఉతికే దుప్పట్లూ ఎక్కువ. చేతులు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడేవి. అయినా నయమే అన్నాడు, సాంచాల చప్పుడు లేదు, ఎవరేమన్నా వినిపిస్తుంది అన్నాడు.

ఆ ఏడాది చివరి భాగంలో పెద్ద సమ్మె వచ్చింది. ఆఫీసులు, బడులు, బస్సులు అన్నీ ఆగాయి. నేను కోరుట్ల చౌరస్తాలో టెంటు కింద కూర్చున్నాను. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, అబద్ధం చెప్పను. కానీ బస్సులు ఆగితే వేములవాడకు జనం రారు. జనం రాకపోతే దుప్పట్లు మాయవు. లాడ్జి ఓనరు బాపుతో, “సమ్మె అయినంక రా,” అన్నాడు. తీసేస్తున్నా అనలేదు, సెలవు అనలేదు. దానికి ఇంగ్లీషులోనే కాదు, తెలుగులో కూడా మాట లేదు. బాపు మళ్లీ ఇంట్లో కూర్చున్నాడు. అవ్వ మళ్లీ ఆకు తేవడానికి వెంట తీసుకుపోవడం మొదలుపెట్టింది.

మా ఇంటి పక్కన సర్కారు బడి పంతులు ఒకాయన ఉండేవారు. సార్ అంటే మా వాడకట్టుకంతా గౌరవం. సమ్మెలో ముందుండి నడిచారు, పోలీసు వ్యానెక్కారు, ఆయనను నేనూ మెచ్చుకున్నాను. సమ్మె ముగిసి చాలా రోజులయ్యాక, నేను ఇంటికి వచ్చి ఉన్నప్పుడు, ఒక సాయంత్రం సార్ మిఠాయి పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆయన పెద్దకొడుకు పరీక్ష పాసైన సంతోషం అది. మాటల మధ్య, సమ్మె చేసిన రోజుల సంగతి కూడా తేలిపోయిందని చెప్పారు.

“గన్ని దినాలు లీవ్ కింద కట్టిండ్రు. జీతం గూడ ఇచ్చిండ్రు. నౌకరికి ఏం ఇబ్బంది లేదు.”

మంచిదే సార్ అంది అవ్వ. సార్ పోయాక బాపు పొట్లం చేతిలోనే పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నేను చాయ్ తెచ్చి ఇచ్చాను. తీసుకుని పక్కన పెట్టాడు.

“బిడ్డా, సారు చేసింది స్ట్రైకే గద?”

“స్ట్రైకే బాపు.”

“దాన్ని లీవ్ అన్నరా?”

“అవు.”

“సర్కారోళ్లే అన్నరా?”

“వాళ్లే అన్నరు.”

బాపు కొద్దిసేపు ఆ రెండు మాటల్నీ లోపల్లోపల అటూ ఇటూ తిప్పుకున్నట్టున్నాడు. గొంతు పెంచలేదు. సగం చెవుడున్న మనిషి అంత మెల్లగా మాట్లాడడం అదే మొదటిసారి విన్నాను.

“ఆ బొంబాయాయన లీవ్ అని అడిగిండు, నేను స్ట్రైక్ అని చెప్పిన. అంటె నా ఇంగ్లీషు తప్పు పోలే బిడ్డా. నౌకరి లేకుంట పోయి చెప్పిన, గదే తప్పయింది.”